మొదటి గంట దాటితే

కోడలు బ్యాగులో పెడుతున్నవన్నీ అత్తయ్య ఒక్కొక్కటే తీసి మంచం మీద పేరుస్తోంది.

ఛార్జరు పెడితే ఛార్జరు తీసింది. నెట్ కేబుల్ చుట్ట పెడితే చుట్ట తీసింది. రెండు జతల బట్టలు, దువ్వెన, తలనొప్పి మాత్రలు, చేత్తో రాసుకున్న లావుపాటి నోటుపుస్తకం... అన్నీ ఇటు నుంచి లోపలికి, అటు నుంచి బయటికి. కోడలు పావుగంట నుంచీ సర్దుతూనే ఉంది, బ్యాగు మాత్రం బరువెక్కడం లేదు.

"అత్తయ్యా, చీకటి పడకముందే నేనక్కడ ఉండాలి. మా ఆఫీసు టైపిస్టు తాళంచెవి పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది."

"చూడనీ. వాళ్ళింటి వెనక గదిలో ఏముంది, మనింట్లో లేనిది?"

"రేపు పదింటికి పరీక్ష. ఎల్లుండి పదింటికి అయిపోతుంది. ఒక్క రోజే కదా!"

"ఒక్క రోజే అని చెప్పి వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశాను." అత్తయ్య మంచం అంచున చతికిలబడింది. "నాకొక్క మాట చెప్పు అమ్మాయ్. ఈ ఇంట్లో నిన్నెవరు కొరికారు?"

కోడలు కేబుల్ చుట్ట అందుకుని మళ్ళీ బ్యాగులో కుక్కింది.

నీటి సరఫరా ఆఫీసులో పంపుల గది కంప్యూటర్లు చూసుకునే పని ఆమెది. ఆర్నెల్ల కిందట ఎవడో ఎక్కడి నుంచో ఆ కంప్యూటర్లలోకి చొరబడి నాలుగు పంపులు ఆపేశాడు. సగం ఊరికి ఒక పూటంతా నీళ్ళు లేవు. అప్పటి నుంచీ పెద్దాఫీసరుది ఒకటే మాట. ఆ గదికి కాపలా ఉండాలంటే చొరబాట్లు ఎలా జరుగుతాయో తెలిసిన మనిషి కావాలి, తెలుసునని సర్టిఫికెట్ ఉండాలి. నెలాఖరులోగా ఆమె తెస్తే ఆమెకే. లేకపోతే గది బయటి కంపెనీకి, ఆమె బిల్లులు కట్టించుకునే కిటికీకి. పదకొండేళ్ళుగా చప్పుడు విని ఏ పంపు దగ్గుతోందో, ఏ పంపు మూలుగుతోందో చెప్పగలిగిన మనిషికి బిల్లుల కిటికీ అంటే ఒళ్ళు చచ్చుబడినట్టయింది.

పరీక్ష కూడా అల్లాటప్పాది కాదు. ఎక్కడో దూరాన ఐదు కంప్యూటర్లు పెడతారు. వాటిలోకి దారి కనిపెట్టి వెళ్ళాలి. వెళ్ళినట్టు గుర్తు పట్టుకురావాలి. ఇరవైనాలుగు గంటలు గడువు. ఆ సేపంతా కెమెరాలోంచి ఒక మనిషి చూస్తూ ఉంటాడు. రెండే అవకాశాలు. మొదటిది రెండు నెలల కిందట ఈ గదిలోనే, ఈ బల్ల దగ్గరే అయిపోయింది.

"ఇక్కడ నెట్ లైను బాగుండదు కదా అత్తయ్యా," అంది చివరికి. "పోయినసారి మధ్యలో పోయింది. అందుకనే."

అత్తయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"పోలేదు."

"ఏది?"

"లైను. ఆ రోజు నేను పక్కగదిలో ఫోనులో పాటలు చూస్తున్నాను. ఒక్క పాటా ఆగలేదు. పదకొండు దాటాక నీ కుర్చీ వెనక్కి జరిగింది. నువ్వు బయటికొచ్చి లైను పోయిందన్నావు. నీ మొగుడు పాపం, ఆ లైనువాడి ప్రాణం తీశాడు. వాడు మూడుసార్లు స్తంభమెక్కి దిగి, 'లైను బంగారంలా ఉంది బాబూ' అని మొత్తుకున్నాడు."

కోడలి చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది.

"రెండు నెలలైంది. మీరొక్కసారీ అడగలేదు."

"అడిగితే నువ్వింకో అబద్ధం ఆడాల్సొచ్చేది. ఉన్నది చాలదా అని ఊరుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకు లేచావు?"

కోడలు దువ్వెన మంచం మీద పెట్టేసింది.

"గంట దాటింది అత్తయ్యా. ఒక్కటీ తెరుచుకోలేదు."

"ఇరవైనాలుగు గంటల పరీక్షలో గంట దాటితే కొంప మునిగిందా?"

"మొదటి గంటలో ఒక్కటైనా తెరవనివాళ్ళు ఇంక తెరవలేరంట. చూసేవాడు మన మొహంలో భయం కనిపెడితే మిగిలినవి ఇంకా కష్టమైనవి పెడతాడంట. కళ్ళు తెర మీంచి పక్కకి పోతే చాలు, పరీక్షలోంచి తీసేస్తాడంట. నాకేమో చెమటలు. తుడుచుకుంటే భయపడ్డానని తెలిసిపోతుందని తుడుచుకోలేదు. అది కళ్ళలోకి కారింది. మంట. ఇంక కూర్చోలేకపోయాను."

అత్తయ్య జాలిపడుతుందనుకుంది. ఆమె మొహంలో జాలి లేదు. కొత్త వార్త విన్నప్పటి కుతూహలం ఉంది.

"మొహం చూసి పేపరు మారుస్తారా? నా మొహం మామూలుగానే భయపడ్డట్టుంటుంది కదే! నేను రాస్తే ఏం పేపరిస్తాడు?"

కోడలికి ఏడుపు రాబోయి నవ్వొచ్చింది.

"ఎవరు చెప్పారు నీకివన్నీ?" అంది అత్తయ్య.

మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కోడలు తలుపు వైపు చూసింది. ఆ చూపుని అత్తయ్య చూసింది. పేరు చెప్పే అవసరం లేకపోయింది.

మరిది వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో బిస్కెట్ల పొట్లంతో.

ఆమె ఈ ఇంటికి వచ్చేనాటికి అతనికి పన్నెండేళ్ళు. సైకిలు వెనకాల పరుగెత్తి తొక్కడం నేర్పింది ఆమె. ఆ తర్వాత మరో పదేళ్ళకి ఆమె చెయ్యి పట్టుకుని మౌసు మీద పెట్టి, "ఇది కరవదు వదినా" అని కంప్యూటరు నేర్పింది అతను. ఇప్పుడు పెద్ద కంపెనీలో నెట్‌వర్క్ కాపలా చూసే ఉద్యోగం. ఈ పరీక్ష ఐదేళ్ళ కిందటే పాసయ్యాడని ఇంటా బయటా పేరు. ప్రతి ఆదివారం మేడమీద ఆరుగురికి పాఠం చెబుతాడు. చేరిన రోజే అన్నిటికంటే కష్టమైనది వాళ్ళ ముందు పడేసి, ఎవరి మొహం ఎలా పాలిపోతుందో చూస్తాడు. ముందు బెదరగొట్టాలి, తట్టుకున్నవాళ్ళే మిగలాలి అనేది అతని పద్ధతి. వదినకీ ఆ పద్ధతిలోనే చెప్పాడు.

"ఏంటి వదినా, ఇల్లు ఖాళీ చేస్తున్నావా?"

"పరీక్షకి వెళ్తున్నాను చిన్నా."

"మళ్ళీనా?" బిస్కెట్టు కొరికాడు. "నీ మంచికే చెప్తున్నా. ఇది గిన్నె మీద మూత తీసినట్టు కాదు. పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు తలకాయ పట్టుకుని బయటికొచ్చారు. బిల్లుల కిటికీకి ఏం తక్కువ? ఫ్యాను కింద కూర్చునే పని."

కోడలు తల వంచుకుని నోటుపుస్తకం అంచులు సరిచేస్తోంది. అత్తయ్య కొడుకు వైపు తిరిగింది.

"చిన్నోడా, నువ్వు రాసినప్పుడు ఆ చూసేది మగమనిషా, ఆడమనిషా?"

"అదేం ప్రశ్న?"

"ఊరికే అడిగా. ఒక రోజంతా నీ మొహమే చూశారు కదా. ఏమైనా పలకరించారా?"

"చుట్టరికం కలుపుకోవడానికా పలకరించడం? పరీక్షమ్మా అది."

"మంచినీళ్ళు తాగనిచ్చారా?"

"అమ్మా!"

గొంతు పెద్దదైంది. అప్పుడే కళ్ళద్దాల దుకాణం కట్టేసి వచ్చిన పెద్దకొడుకు చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంట్రా ఆ అరుపులు? అమ్మ తెలుసుకుందామని అడిగింది. తెలిస్తే చెప్పు."

"నీకు తెలీదన్నయ్యా, నువ్వూరుకో. గంటకే కుర్చీ వదిలేసినవాళ్ళకి మళ్ళీ అదే గంటకి కాళ్ళు లాగుతాయి. ఈసారి ఎవర్ని స్తంభమెక్కిస్తావు?"

మరుక్షణమే అతను తన మాట తన చెవిన పడ్డట్టు ఉలిక్కిపడ్డాడు. బిస్కెట్ల పొట్లం బల్ల మీద పెట్టి గబగబా మేడెక్కేశాడు.

భర్త భార్య వైపు తిరిగాడు. "లైను పోలేదా?"

"పోలేదండీ. భయమేసి నేనే వదిలేసి వచ్చేశాను."

ఆయన కోప్పడతాడని ఆమె ఎదురుచూసింది.

"అయితే ఆ లైనువాడికి క్షమాపణ చెప్పాలి," అన్నాడు. "పాపం, మూడోసారి వాడికి మోకాలు కూడా గీసుకుపోయింది."

అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. కోడలు మాత్రం కదల్లేదు. ఇంకో సంగతి ఆమె మనసులో పురుగులా తొలుస్తోంది.

"అత్తయ్యా, నేను ఎంతసేపటికి లేచానో ఇవాళ మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీరు చెప్పారా?"

"లేదు."

"ఆ రోజు చిన్నా ఊళ్ళోనే లేడు. కంపెనీ పని మీద వెళ్ళాడు. మరి గంటకే లేచానని అతనికెలా తెలుసు?"

ఇద్దరూ మేడమెట్ల వైపు చూశారు. అత్తయ్యకీ తెలియదు. తెలియని సంగతి ఎదురైతే ఆవిడకి కూర్చోబుద్ధి కాదు. లేచి బ్యాగు జిప్పు లాగి, లోపల మిగిలినవి కూడా మంచం మీద గుమ్మరించింది.

"టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవైయెనిమిదేళ్ళు చేశాను. చేరిన కొత్తలో మా సూపర్వైజరంటే పై ప్రాణాలు పైనే పోయేవి. వెనకాల కూర్చుని, మేం కలిపే ప్రతి కాలూ వింటుందని చెప్పారు పాతవాళ్ళు. వెనక నుంచి టిక్కుమంటే వింటున్నట్టు లెక్క. ఆ టిక్కు వినపడితే నాకు నంబర్లు తారుమారయ్యేవి. రెండేళ్ళు అలాగే గడిపాను. ఒకరోజు ఉండబట్టలేక వెనక్కి తిరిగి, 'మేడమ్, ఇప్పుడు నా లైనే వింటున్నారా?' అని అడిగేశాను."

"ఏమన్నారు?"

"ఏమంటుంది? ఒళ్ళో ఉన్ని ఉండ పెట్టుకుని స్వెట్టరు అల్లుకుంటోంది. ఆ టిక్కు సూదులది. 'నీ లైనులో వినడానికేముందమ్మా' అంది."

కోడలు పకపకా నవ్వేసింది. ఈ రెండు నెలల్లో ఆ నవ్వు ఆ గోడలు వినలేదు.

"రేపు ఆ చూసేవాడినే అడుగు," అంది అత్తయ్య. "వాడికి నోరుందా లేదా?"

"నోరు లేదు. రాసి అడగాలి."

"రాయడం వచ్చు కదా నీకు."

కోడలు టైపిస్టుకి ఫోన్ చేసి గది వద్దంది.

శనివారం పది కొట్టేసరికి తలుపు మూసుకుని బల్ల ముందు కూర్చుంది.

తెర మీద మొదటి మాట వచ్చింది. గది మొత్తం కెమెరాకి చూపించమన్నారు. చూపించింది. బల్ల కింద చూపించమన్నారు. వంగి చూపించింది. పోయినసారి కూడా చూపించింది గానీ భయంలో అది మనసుకెక్కలేదు. ఇప్పుడు కొంచెం వింతగా తోచింది. ఇన్ని భయాలు పూసగుచ్చినట్టు చెప్పిన మరిది, బల్ల కింద వంగాలని మాత్రం చెప్పలేదే!

కోడలు టైపు చేసింది. "పక్కకి చూడొచ్చా?"

కాసేపటికి జవాబు. "చూడొచ్చు. లేచి తిరగొచ్చు కూడా. వెళ్ళేముందు ఒక మాట చెప్పండి చాలు."

"నా మొహాన్ని బట్టి కంప్యూటర్లు మారుస్తారా?"

ఈసారి జవాబు ఆలస్యమైంది. "లేదండీ. మొదలయ్యాక ఎవరూ మార్చలేరు. మీకెవరు చెప్పారు?"

"మొదటి గంటలో ఒక్కటీ తెరవకపోతే?"

"ఇంకా ఇరవైమూడు గంటలుంటాయి."

ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది. చేతిరుమాలు తీసి, కెమెరా ముందే, నుదురు, మెడ శుభ్రంగా తుడుచుకుంది. ఏమీ జరగలేదు.

పోయినసారి మరిది పద్ధతిలో అన్నిటికంటే కష్టమైన కంప్యూటరు మీద పడింది. ఈసారి పంపుల గదిలో రోజూ పొద్దున చేసే పనే చేసింది. దేని మీదా చెయ్యి వెయ్యకుండా ఐదింటి చుట్టూ తిరిగి వచ్చింది. దేనికెన్ని తలుపులున్నాయో, ఏ తలుపు తడితే ఏమని పలుకుతుందో వరసగా రాసుకుంది. అలా రాస్తూ ఉండగానే పదకొండు దాటిపోయింది.

కాళ్ళు లాగుతున్నాయి. నిజంగానే లాగుతున్నాయి. మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. పదకొండూ ఐదు. పదకొండూ పది. ఎవరూ వచ్చి మెడ పట్టుకోలేదు.

రాసుకున్న వరసలో ఒకచోట చూపు ఆగింది. రెండో కంప్యూటరులో ఒక చిన్న తలుపుకి తాళమే లేదు. లోపల ఆఫీసు కాగితాలు. అందులో ఎవరెప్పుడు డ్యూటీకి రావాలో తొమ్మిదిమంది పట్టిక. దాని పక్కన కొత్తగా చేరేవాళ్ళకి సూచనల కాగితం. "ఇది మీ మొదటి పాస్‌వర్డ్. చేరిన రోజే మార్చుకోండి."

ఆమెకి నవ్వొచ్చింది. ఎవరు మార్చుకుంటారు? తన ఆఫీసులో ముగ్గురు ఇప్పటికీ చేరిననాటి పాస్‌వర్డుతోనే బతుకుతున్నారు. ఎన్నిసార్లు చెప్పినా "రేపు మారుస్తానండీ" అంటారు. తొమ్మిది పేర్లూ వరసగా చూసింది. ఏడో పేరు ఎదురుగా, చేరిన మర్నాటి నుంచే సెలవు అని ఉంది. ఆ మనిషి తిరిగి రానేలేదు. రానివాడు పాస్‌వర్డ్ ఎలా మారుస్తాడు?

ఏడో పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది.

తెరుచుకుంది.

అక్కడి నుంచి లోపలి గదికి, ఆ గది నుంచి యజమాని గదికి దారి వెతుక్కుంటూ పోయింది. పన్నెండూ పదికి ఆ కంప్యూటరు గుర్తు ఆమె చేతికొచ్చింది. చేసిన ప్రతి అడుగూ ఫొటో తీసి దాచుకుంది. "పది నిమిషాలు బయటికి వెళ్తున్నాను" అని రాసి తలుపు తీసింది.

హాల్లో అత్తయ్య పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చుని ఉంది. మరిది బల్ల దగ్గర ఉన్నాడు, కంపెనీకి సెలవు. గడియారం చూసి పెదవి విరిచాడు.

"రెండు గంటలకే వచ్చేశావా? పోనీలే, పోయినసారి కంటే నయం."

"రాలేదు చిన్నా. నీళ్ళు తాగి మళ్ళీ వెళ్తాను. ఒకటి తెరుచుకుంది."

అత్తయ్య పుస్తకం పక్కన పడేసి రెండు చేతులతో కోడలి మొహం పట్టుకుంది. మరిది లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"అయ్యో, నిజమా?" అన్నాడు. ఆ మాటలో సంతోషం ఉంది. ఇంకేదో కూడా ఉంది.

ఆమె నీళ్ళు తాగి గ్లాసు పెట్టింది. దెప్పాలని లేదు. తెలుసుకోవాలనుంది, అంతే.

"చిన్నా, పక్కకి చూడొచ్చంట. లేచి తిరగొచ్చంట. మొహాన్ని బట్టి ఏదీ మార్చరంట. గంట లెక్క కూడా లేదంట. బల్ల కింద చూపించమన్నారు, అది నువ్వు చెప్పనేలేదు. నువ్వు రాసినప్పుడు ఇవన్నీ వేరుగా ఉండేవా?"

అతను బల్ల మీది చెమ్మని వేలితో గీస్తూ ఉండిపోయాడు.

"చిన్నోడా," అంది తల్లి. "వదిన అడుగుతోంది."

"గంటన్నర," అన్నాడు.

"ఏంటి గంటన్నర?"

"నేను కూర్చుంది. హోటలు గదిలో రాశాను. బల్ల కింద చూపించానో లేదో కూడా గుర్తులేదు. గంట దాటాక ఒళ్ళంతా వణుకు. చూసేవాడు నవ్వుతున్నాడనిపించింది. వాడు నాకు కనపడడు కూడా, అయినా నవ్వుతున్నాడనే అనిపించింది. లేచి వచ్చేశాను. మర్నాడు ఇంటికొచ్చేసరికి నువ్వు, వదిన గుమ్మంలో నిలబడి పాసయ్యావా అన్నారు. తలూపాను."

"మళ్ళీ రాయలేదా?"

"ఎలా రాస్తానమ్మా? పాసైనవాడు మళ్ళీ ఎందుకు రాస్తాడు?"

"మరి వదినకి చెప్పినవన్నీ..."

"నాకు అనిపించినవే చెప్పాను. అబద్ధమనుకుని చెప్పలేదు. లైను పోయిందని వదిన అన్నప్పుడే అనుకున్నా, నాలాగే గంట దాటగానే లేచొచ్చేసిందని."

కోడలు అతని వైపు రెండడుగులు వేసింది. పన్నెండేళ్ళప్పుడు సైకిలు మీంచి పడి, మోచెయ్యి దాచుకుని నిలబడ్డ మొహమే అది.

"చిన్నా, ఏం పోయింది? నాతో పాటు మళ్ళీ..."

"రేపు ఆరుగురు పిల్లలొస్తారు," అంది అత్తయ్య మధ్యలో. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. "వాళ్ళకేం చెప్తావురా?"

అతను తల్లి వైపు చూశాడు. లోపలి గదిలో కంప్యూటరు టింగుమంది. పది నిమిషాలు అయిపోవస్తున్నాయి.

"వెళ్ళు వదినా," అన్నాడు మెల్లగా. "టైం పోతుంది. మూడో కంప్యూటరు పట్టు, నాలుగోది కాదు. నీకేవి వచ్చాయో నాకు తెలీదు. అయినా మూడోది పట్టు."

ఆమె నవ్వింది. అతను కూడా నవ్వినట్టే అనిపించింది.

తలుపు మూసుకుని మూడో కంప్యూటరు ముందు పెట్టుకుంది. ఇరవై నిమిషాల తర్వాత మేడమీద బీరువా తెరిచిన చప్పుడు వినపడింది. మెట్ల మీద చెప్పులు. హాల్లో అత్తయ్య గొంతు ఏదో అడుగుతోంది. అతని గొంతు ఒక్క ముక్క చెప్పింది. తర్వాత వీధి గేటు.

"అంతా బాగానే ఉందా?" అని తెర మీద వచ్చింది. ఆమె తల తలుపు వైపు తిరిగి ఉంది.

"ఒక్క నిమిషం బయటికి" అని టైపు చేసింది. అదే క్షణాన మూడో కంప్యూటరు మొదటిసారి పలికింది. రెండు వరసల జవాబు. ఆమె ఆ వరసల వైపు చూసింది, తలుపు వైపు చూసింది. రేపు పదింటికి అయిపోతుంది కదా, అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడొచ్చు అనుకుంది. టైపు చేసింది చెరిపేసి, "బాగానే ఉంది" అని రాసింది.

మరిది ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి గేటు దాటాడు. ఆదివారం ఆరుగురు పిల్లలూ వచ్చి మేడమెట్ల మీద గంటసేపు కూర్చుని వెళ్ళిపోయారు. అతను ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.